కళ్ల కింద నల్లటి వలయాలు: ముందు పీల్ చేయించుకోవాలా, ఫిల్లరా?

వయసు 34, చామనఛాయ. రెండు కళ్ల కిందా గోధుమరంగు కలిసిన నలుపు, దాంతోపాటు కంటి లోపలి మూల నుంచి చెంప వైపు దిగే గాడి. చర్మాన్ని వేలితో మెల్లగా పక్కకి లాగినా రంగు పోదు. అద్దం ముందు గడ్డం పైకెత్తి, ముఖం మీదకి నేరుగా టార్చి వేసుకుంటే మాత్రం గాడి దగ్గర నలుపు సగానికి సగం తగ్గినట్టు ఉంటుంది. అంటే కొంత మెలనిన్ (చర్మానికి రంగునిచ్చే పదార్థం), కొంత నీడ అని నా లెక్క. మా అమ్మకీ ఇలాగే ఉంది.

నిద్ర ఏడు గంటలకి తగ్గదు (దయచేసి "బాగా నిద్రపోండి" అని మాత్రం చెప్పకండి). హిమోగ్లోబిన్ 12.8, థైరాయిడ్ నార్మల్. డస్ట్ ఎలర్జీ వల్ల పొద్దున్నే కళ్లు నులుముకునేదాన్ని. సెటిరిజిన్‌తో దురద తగ్గింది గానీ నలుపు అలాగే ఉంది. 5 శాతం కెఫీన్ సీరమ్ ఉబ్బు వరకే పనిచేసింది. 0.1 శాతం రెటినాల్ రాస్తే పొట్టు లేచి ఒకటే మంట, మానేశాను. కీరా ముక్కలు, బంగాళదుంప రసం సంగతి సరేసరి. ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ రోజూ రాస్తాను.

ఒక స్కిన్ డాక్టర్ లాక్టిక్ యాసిడ్ పీల్ (యాసిడ్ రాసి చర్మం పై పొరని ఊడేలా చేయడం) అన్నారు, ఇంకొకరు హైలురోనిక్ యాసిడ్ ఫిల్లర్ (గాడిలోకి సూదితో ఎక్కించే జెల్) అన్నారు. ఫిల్లర్ గాడిని నింపుతుందే గానీ రంగు మార్చదు కదా. పైగా అక్కడి పల్చటి చర్మం కింద నీలంగా కనబడే ప్రమాదం ఉంది. పీల్ పడకపోతే మనలాంటి ఛాయలో ఇంకా నల్లబడొచ్చు.

రంగూ గాడీ రెండూ ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, ముందు ఏది చేయించుకుంటే మీకు ఏడాది తర్వాత కూడా తేడా నిలిచింది?