మోజెల్ లోయలో మూడు రోజుల సైకిల్ ప్రయాణం: నది ఒడ్డునే సాగాలా, కొండ ఎక్కాలా?

ప్రశ్న – కొత్తచక్రం

అందరికీ నమస్కారం. నేను ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. రోడ్డు సైకిల్ కొని రెండేళ్లయింది. సెప్టెంబరు చివరి వారంలో మా బావమరిది హైదరాబాదు నుంచి వస్తున్నాడు. ఇద్దరం కలిసి ట్రియర్ నుంచి కోబ్లెంజ్ దాకా మోజెల్ నది వెంట మూడు రోజుల్లో తొక్కాలని అనుకుంటున్నాం. నాకు ఎత్తులు ఎక్కడమంటే ఇష్టం. అతను మాత్రం నెక్లెస్ రోడ్డు దాటి సైకిలు తొక్కింది తక్కువ, పైగా ఇక్కడ అద్దె సైకిలు మీదే రావాలి. నదీతీరపు సైకిల్ బాట అంతా చదునుగా ఉంటుందని చదివాను. అలాగైతే నాకు విసుగు, కొండల మీదుగా వెళితే అతనికి శిక్ష. ఇద్దరికీ కుదిరే దారి ఏదైనా ఉందా? నా సైకిలుకు ముందు 50, 34 పళ్ల చక్రాలు, వెనుక 11 నుంచి 28 దాకా ఉన్నాయి. టైర్లు 25 మిల్లీమీటర్లవి. ఇవి సరిపోతాయా? దారిలో ద్రాక్షసారా రుచి చూసి మళ్లీ సైకిలెక్కడం గురించి కూడా, తెలిసినవారు చెప్పగలరు.

జవాబు – ఒడ్డుబాట

మీరు సమస్యగా చెప్పినదానికి పరిష్కారం ఆ నది వంకరల్లోనే ఉంది. ట్రియర్ నుంచి కోబ్లెంజ్‌కు కాకి ఎగిరినట్టు వెళితే 100 కిలోమీటర్లలోపే; నది మాత్రం దాదాపు 200 కిలోమీటర్లు చుట్టి వెళుతుంది. ఇంత దూరంలోనూ అది దిగేది సుమారు 60 మీటర్లే. అదీ పది లాకుల దగ్గర మెట్లు దిగినట్టు దిగుతుంది కాబట్టి, లాకుకూ లాకుకూ నడుమ నీరు కదలని చెరువులా కనిపిస్తుంది. అందువల్ల ఒడ్డున ఉన్నంతసేపు మీ బావమరిదికి ఎదురుగాలి తప్ప మరో కష్టం ఉండదు. ఒడ్డు వదిలిన మరుక్షణం సంగతి వేరు. బెర్న్‌కాస్టెల్ దగ్గర నది సుమారు 110 మీటర్ల ఎత్తులో ఉంటే, దక్షిణాన హున్స్‌రుక్ పీఠభూమి మీది ఊళ్లు 400 మీటర్ల దరిదాపుల్లో ఉంటాయి. ఉత్తరాన ఐఫెల్ కొండలదీ ఇంచుమించు ఇదే తీరు. నదిని వదలనంత వరకు మీకు ఎత్తు దొరకదు. వదిలితే కావలసినంత దొరుకుతుంది.

ఇక వంకరల సంగతి. బెర్న్‌కాస్టెల్ నుంచి ట్రాబెన్-ట్రారబాఖ్‌కు నది వెంట దాదాపు 24 కిలోమీటర్లు. నడుమ ఉన్న కొండను దాటితే ఆ రెండు ఊళ్లూ ఎంతో దగ్గర. నడిచి వెళ్లేవారు ఉదయం బయలుదేరి మధ్యాహ్న భోజనానికి చేరుకుంటారు. కనుక బెర్న్‌కాస్టెల్‌లో ఇద్దరూ విడిపోండి: మీరు లాంగ్‌కాంప్ వైపు హున్స్‌రుక్ ఎక్కి, పైన కొంత తిరిగి, ట్రాబెన్-ట్రారబాఖ్‌కు దిగండి, అతను ఒడ్డు వెంట నింపాదిగా, 2019లో తెరిచిన హోహ్‌మోజెల్ వంతెన కిందుగా రావచ్చు. తల ఎత్తి చూస్తే 160 మీటర్ల పైన లారీలు అగ్గిపెట్టెల్లా కదులుతుంటాయి. ట్రాబెన్, ట్రారబాఖ్ నదికి చెరో ఒడ్డున ఉంటాయి. వాటిని కలిపే వంతెనకు ట్రారబాఖ్ వైపు మొదట్లో 1899లో కట్టిన ద్వారం ఒకటుంది. దాని కింద కలుసుకోండి. ఎవరు ముందు చేరతారో నేను పందెం కట్టను.

రోజులను సమంగా పంచుకోవద్దు. మొదటి రోజు బెర్న్‌కాస్టెల్ దాకా సుమారు 65 కిలోమీటర్లు, రెండో రోజు కోఖెమ్ దాకా 80, మూడో రోజు కోబ్లెంజ్‌కు 50 చాలు. లోయలోని అందమంతా రెండో రోజు దారిలోనే ఉంది. ముఖ్యంగా బ్రెమ్ దగ్గర నది పూర్తిగా వెనక్కి తిరిగే చోట కాల్మోంట్ కొండ ఉంటుంది. యూరప్‌లోకెల్లా నిట్టనిలువు ద్రాక్షతోటల్లో ఒకటిగా పేరున్నది, కొన్ని చోట్ల 65 డిగ్రీల వాలు. అక్కడ బుట్టలు మోయలేక, పళ్లపట్టీ ఉన్న ఒంటిపట్టా మీద చిన్న ఇంజను బండి నడిపి సామాను ఎక్కిస్తారు. ఆ పట్టా కొండ మీదికి నిచ్చెన వేసినట్టు పోవడం కింద రోడ్డు మీంచే కనబడుతుంది.

జవాబు – మార్కాపురం పలక

ఒడ్డుబాట గారు చెప్పిన ఉపాయం బాగుంది, కానీ ఒక హెచ్చరిక చేర్చాలి. కొండెక్కేటప్పుడు తారు రోడ్డునే పట్టుకోండి. ఫోనులోని మ్యాపు చూపించే దగ్గరి దారిని నమ్మకండి. తోటల నడుమ ట్రాక్టర్ల కోసం వేసిన కాంక్రీటు బాటలను అది మామూలు రోడ్లుగానే చూపిస్తుంది. ఒకసారి నేను అలాగే వెళ్లాను. ఎక్కేటప్పుడు పర్వాలేదనిపించింది, పళ్లు కరుచుకుని ఎక్కేశాను. దిగేటప్పుడు మాత్రం ముందు రోజు వానకు నల్లటి రాతి పెంకులు బాట మీదికి జారి, తడిసి, చేప పొలుసుల్లా మెరుస్తున్నాయి. బ్రేకు వేస్తే చక్రం ఆగింది గాని సైకిలు ఆగలేదు. మోచేయి గీరుకుంది, టైరు పక్కగోడ రెండంగుళాల మేర కోసుకుపోయింది. ట్యూబు మార్చినా లాభం లేక, మడిచిన నోటు ఒకటి లోపల అడ్డుపెట్టి ఊళ్లోకి దిగాను.

ఆ రాయి ఏమిటో తెలుసా? మనం బలపంతో అ ఆలు దిద్దిన పలకరాయే. మా మార్కాపురం వైపు గనుల్లో దీన్ని చూస్తూ పెరిగినవాణ్ణి, జర్మనీలో దీనివల్లే కింద పడటం నా రాత. ఇక్కడి రైతులకు మాత్రం అది వరం: పగలంతా ఎండను పీల్చుకుని రాత్రి తీగలకు వెచ్చదనం ఇస్తుంది. ఇంత ఉత్తరాన రీస్లింగ్ ద్రాక్ష పండటానికి, దక్షిణం వైపు తిరిగిన వాలుతో పాటు ఈ రాయి కూడా కారణం. తీగలను కూడా గమనించండి. ఒకప్పుడు హైదరాబాదు శివార్లలో అనాబ్-ఇ-షాహి తోటలకు వేసినట్టు ఇక్కడ పందిళ్లు ఉండవు. నిటారు వాలుల్లో ఒక్కో తీగకు ఒక్కో కర్ర పాతి, రెండు కొమ్మలను చెరోవైపు వంచి, హృదయాకారంలో కడతారు. వరుసల వెంట ఇనుప కమ్మీలు లాగకపోవడంతో మనిషి వాలుకు అడ్డంగా కూడా నడవగలడు.

మీ సైకిలు గురించి: వెనుక 28 పళ్లతో హున్స్‌రుక్ ఎక్కవచ్చు గాని, మోకాళ్లు గుర్తుచేస్తూనే ఉంటాయి. పెద్ద చక్రానికి 32 పళ్లుండే క్యాసెట్ (వెనుక పళ్లచక్రాల గుత్తి) వేయించండి. అయితే మీ వెనుక గేరు మార్చే పరికరం అంత పెద్ద పళ్లచక్రాన్ని పట్టుకోగలదో లేదో ముందే మెకానిక్‌కు చూపించుకోవాలి. ఫ్రేములో చోటుంటే టైర్లు 28 మిల్లీమీటర్లవి వేయండి. సెప్టెంబరు చివర అంటే కోతల కాలం. ట్రాక్టర్ల నుంచి జారిన మట్టి, నలిగిన పళ్లు మలుపుల్లో ఉంటాయి.

జవాబు – సగంగేరు

నేను రైలు గురించి మాత్రం చెబుతాను, ఎందుకంటే అలసిన మనిషికి కావలసింది అదే. మ్యాపులో ట్రియర్, కోబ్లెంజ్‌ల నడుమ రైలు మార్గం చూసి, ఎక్కడ ఆగిపోయినా ఎక్కేయవచ్చని చాలామంది పొరబడతారు. కోబ్లెంజ్ నుంచి బుల్లాయ్ దాకా రైలు నదిని అంటిపెట్టుకునే ఉంటుంది, కోఖెమ్ దగ్గర ఒక పెద్ద వంకను మాత్రం 4 కిలోమీటర్ల పైచిలుకు సొరంగంలో దాటేస్తుంది. బుల్లాయ్ దాటాక అది నదిని వదిలి విట్లిష్ వైపు పోయి, మళ్లీ ట్రియర్‌కు దగ్గరలో గాని కలవదు. బుల్లాయ్ నుంచి ట్రాబెన్-ట్రారబాఖ్‌కు ఒక చిన్న శాఖ ఉంది, అంతే. పీస్‌పోర్ట్, బెర్న్‌కాస్టెల్ వైపు ఒడ్డున నడిచిన పాత రైలు 1960ల్లోనే మూతపడింది. అంటే మొదటి రోజు మధ్యలో మీ బావమరిది చేతులెత్తేస్తే రైలు లేదు. ఆ రోజు అతని వేగానికే తొక్కండి, మీ పౌరుషం రెండో రోజుకు దాచుకోండి.

ఇక సారా విషయం. జర్మనీలో సైకిలు తొక్కేవారికి రక్తంలో మద్యం 1.6 పర్‌మిల్ (వెయ్యికి 1.6 వంతులు) దాటితే నేరం, 0.3 దగ్గర కూడా తూలినా, ఎవరినైనా గుద్దినా కేసు అవుతుంది, కారు లైసెన్సుకూ ముప్పే. పగలు ద్రాక్షరసం తాగండి, సాయంత్రం బస చేరాక రీస్లింగ్ రుచి చూడండి. రైతులు తమ ఇంటి ముంగిట ఏడాదిలో నాలుగు నెలలకు మించకుండా నడిపే చిన్న సారాశాలలు ఊరూరా కనిపిస్తాయి, వాటికే వెళ్లండి. మాంసం తిననివారైతే ఫ్లామ్‌కూఖెన్ అనే పలుచని రొట్టె అడిగేటప్పుడు పంది మాంసం లేకుండా చేయమని ముందే చెప్పాలి.

మళ్లీ – కొత్తచక్రం

ముగ్గురికీ ధన్యవాదాలు. లాంగ్‌కాంప్ దారి ఖాయం చేసుకున్నాను, క్యాసెట్ కూడా మారుస్తాను. ఒక్క సందేహం: రెండో రోజు ఉదయం ఎన్నింటికి బయలుదేరడం మంచిది?

జవాబు – ఒడ్డుబాట

ఆ రోజుల్లో లోయలో పొగమంచు ఒక్కోసారి మధ్యాహ్నం దాకా వదలదు. మీరు ఎనిమిదింటికే ఎక్కడం మొదలుపెడితే సగం దారిలో మంచు పైకి తేలి ఎండలోకి వస్తారు. కిందికి చూస్తే లోయంతా పాలు పోసినట్టు ఉంటుంది. మీ బావమరిదిని మాత్రం పది దాటాక, ముందూ వెనుకా లైట్లు వేసుకుని బయలుదేరమనండి. ఇంకొక మాట: దారి పక్కన ఫెడర్‌వైసర్ అని కొత్త సారా అమ్ముతుంటారు. అది మన తాటికల్లులాగే ఇంకా పొంగుతూ ఉంటుంది, సీసాకు మూత గట్టిగా బిగించరు. దాన్ని జెర్సీ వెనుక జేబులో పెట్టుకోవద్దని అతనికి ముందే చెప్పండి.