కట్టడలంటే బిల్డింగులా?

ప్రశ్న (నరసాపురం, సండే స్కూల్ టీచర్):
అందరికీ వందనాలండి. పిల్లలతో బైబిల్లోని 119వ కీర్తన కంఠతా పట్టిస్తున్నాను. 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున. మొన్న "నీ కట్టడలను నాకు బోధించుము" దగ్గరికి రాగానే ఆరో తరగతి వాడొకడు లేచి, "టీచర్, కట్టడాలంటే బిల్డింగులు కదా, దేవుడు తాపీ మేస్త్రీయా?" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వేశాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే నాకూ తెలీదు! ఆజ్ఞలు, శాసనాలు, కట్టడలు అన్నీ ఒకటేనా? హెబ్రీలో అక్కడ ఏముంది?

జవాబు (భీమవరం, రిటైరైన తెలుగు మాస్టారు):
హుక్కీమ్ అని ఉందమ్మా. ఏకవచనం హోక్. చెక్కడం అనే ధాతువు నుంచి వచ్చింది. యెషయా 49:16లో "నా యరచేతుల మీదనే నిన్ను చెక్కియున్నాను" అన్నచోటా అదే ధాతువు. మన 'కట్టడ'కి పాత అర్థం నియమం. కట్టుబాటు అంటాం చూడు, ఆ కుదురే. వాళ్లు చెక్కారు, మనం కట్టాం. మేస్త్రీ అన్నవాడు మరీ తప్పలేదు, పని మారిందంతే.

హోక్‌కి హద్దు అని కూడా అర్థముంది. యిర్మీయా 5:22లో సముద్రానికి ఇసుకను సరిహద్దుగా పెట్టిన 'నిత్య నిర్ణయము' ఈ హోకే. అంతర్వేది ఒడ్డున చదివించు. కెరటాలు ముందుకొస్తున్నాయి కదా అని వాడు అడిగితే మాత్రం నన్ను లాగకు.

జవాబు (కాలవ కింద రైతు):
నిర్గమకాండం 5:14లో ఇశ్రాయేలీయులు రోజూ చేయాల్సిన ఇటుకల లెక్కకీ ఇదే మాటండి. ఆదికాండం 47:22లో యాజకులకు ఫరో ఇచ్చే బత్తేనికీ ఇదే. దాళ్వాలో, అంటే రెండో పంటకి, మాకు నీళ్ల వంతు వేసినట్టు, ఇంత అంటే ఇంతే.

జవాబు (పాలకొల్లు, రాతిపని):
నాకు హెబ్రీ రాదు. సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కుతాను. ముందు జాజుతో, అంటే ఎర్రమట్టి రంగుతో, రాసుకుంటాం. అప్పటిదాకా తప్పొస్తే తడిగుడ్డతో తుడిచేయొచ్చు. ఉలి దిగాక ఇక అంతే. ఒకసారి 1962కి బదులు 1926 చెక్కేశాను. ఆ పెద్దాయన కొడుకు వేలితో అంకెలు తడిమి, ఏమీ అనకుండా నా మొహం చూశాడు. కొత్త రాయి నా డబ్బుతోనే వేశాను.

ప్రశ్న అడిగినావిడ:
అన్నయ్యా, పాత ఉలి, చిన్న రాతిముక్క ఉంటే ఈ ఆదివారానికి ఇస్తారా? జాజు కూడా.