సీరియల్ నంబరున్న ఒరిజినల్ ఫారం మీదే కంప్యూటర్‌తో ప్రింట్ కొట్టడం ఎలా?

ప్రశ్న (గాజువాక నుంచి):
అందరికీ నమస్కారం. ఆటోనగర్‌లో ఒక లేబర్ కాంట్రాక్టర్ ఆఫీసులో పని చేస్తున్నాను. మా పనివాళ్లకి ఫ్యాక్టరీ గేట్ పాస్ కావాలంటే ఒక్కొక్కరికి ఒక దరఖాస్తు నింపాలి. ఫారాలు వాళ్లే ఇస్తారు, పైన కుడి మూల నంబరు అచ్చయి ఉంటుంది. జిరాక్స్ మీద రాస్తే తీసుకోరు. కొట్టివేత కనిపిస్తే వెనక్కి పంపేస్తారు, ఇంకో ఫారం అడిగితే సవాలక్ష ప్రశ్నలు. షట్‌డౌన్ పనులప్పుడు (ఫ్యాక్టరీ ఆపి చేసే మరమ్మతులు) ఒకేసారి డెబ్బై ఎనభై మందివి రాయాలి. వివరాలన్నీ ఎక్సెల్‌లో ఉన్నాయి. వర్డ్‌లో ఆ ఫారాన్ని గడులతో సహా తయారు చేద్దామంటే ఎంతకీ కుదరడం లేదు. ఆఫీసులో లేజర్ ప్రింటర్ ఉంది. దారి చెప్పండి.

జవాబు (కంచరపాలెం):
దీనికింత హైరానా ఎందుకు తమ్ముడూ? ఇద్దరు కుర్రాళ్లని కూర్చోబెడితే ఒక పూటలో అయిపోతుంది.

జవాబు (డాబాగార్డెన్స్, డీటీపీ పని):
ఒక్కసారికైతే అన్నగారి మాటే రైటు. కానీ ఎనభై ఆధార్ నంబర్లు చేత్తో దించితే ఎక్కడో ఒక అంకె తారుమారవుతుంది.

తమ్ముడూ, ముందు ఆ ఫారం గీయడం ఆపెయ్. గడులు కాగితం మీద ఉండనే ఉన్నాయి, నువ్వు అచ్చు వేయాల్సింది అక్షరాలు మాత్రమే. ఖాళీ ఫారాన్ని స్కానర్ అద్దం మీద మూలకి సరిగ్గా ఆనించి 300 డీపీఐలో స్కాన్ చెయ్. ఫోన్‌తో ఫొటో తీస్తే వంకర వస్తుంది, పనికిరాదు. వర్డ్‌లో పేజీ సైజు ఫారంతో సమానంగా పెట్టు. ఏ4 అయితే 21 సెంటీమీటర్ల వెడల్పు, 29.7 పొడవు. స్కాన్ చేసిన బొమ్మని సరిగ్గా అదే కొలతకి లాగి, అక్షరాల వెనక్కి పంపెయ్. ఇప్పుడు ఫారంలో ఎక్కడెక్కడ రాయాలో అక్కడక్కడ టెక్స్ట్ బాక్సులు పెట్టు. అంచు గీత, లోపలి రంగు రెండూ తీసెయ్. బాక్సు లోపలి మార్జిన్లు సున్నా చెయ్. వర్డ్ తనంతట తాను ఎడమవైపు పావు సెంటీమీటరు వదులుతుంది, చాలామందికి అక్షరాలు జరిగిపోయేది దానివల్లే. బాక్సు స్థానాన్ని మార్జిన్ నుంచి కాకుండా పేజీ అంచు నుంచి కొలిచేలా సెట్ చెయ్.

గడుల సంగతి వేరు. ఆధార్, పుట్టిన తేదీ గడికో అంకె పడాలి కదా. దానికి కొరియర్ న్యూ ఫాంట్ వాడు, అందులో ప్రతి అక్షరం ఒకే వెడల్పు. 12 పాయింట్ల (పాయింటు అంటే అచ్చు అక్షరాల కొలత) సైజులో ఒక్కో అక్షరం 7.2 పాయింట్లు తీసుకుంటుంది. గడి 5 మిల్లీమీటర్లుంటే అది సుమారు 14.2 పాయింట్లు. తేడా 7 పాయింట్లు. ఫాంట్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి, స్పేసింగ్‌ని ఎక్స్‌పాండెడ్ చేసి ఆ 7 ఇచ్చేస్తే అంకెలు గడుల్లో బుద్ధిగా కూర్చుంటాయి. ఒక్క గడిని కొలవకు, పది గడులు కలిపి కొలిచి పదితో భాగించు. అర మిల్లీమీటరు తప్పు పన్నెండో గడికి వచ్చేసరికి పక్క గడిలోకి దూకుతుంది.

తర్వాత మెయిల్ మెర్జ్‌లో (ఎక్సెల్‌లోని ఒక్కో వరసకి ఒక్కో పేజీ నింపిపెట్టే వర్డ్ సదుపాయం) నీ ఎక్సెల్ ఫైలు కలిపి, ఒక్కో బాక్సులో ఒక్కో కాలమ్ పేరు పెట్టు. మెర్జ్ కొట్టే ముందు సెలెక్షన్ పేన్ తెరిచి (ఆల్ట్, ఎఫ్10) స్కాన్ బొమ్మ పక్కనున్న కన్ను గుర్తు నొక్కి దాచెయ్. లేకపోతే ఫారం మీద ఫారం అచ్చవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. తమ్ముణ్ణి కాదు, చెల్లెల్ని. తెల్లకాగితం మీద ఒకటి తీసి చూశాను. అక్షరాలన్నీ కాస్త చిన్నవై, పైకి జరిగాయి. బాక్సులన్నీ మళ్లీ జరపాలా?

జవాబు (డాబాగార్డెన్స్, డీటీపీ పని):
అయ్యో, సారీ చెల్లెమ్మా. బాక్సులు ముట్టుకోకు. చిన్నవయ్యాయంటే ప్రింటర్ పేజీని కుదిస్తోంది. ‘ఫిట్ టు పేజ్’ లాంటిదేదైనా ఉంటే తీసేసి నూరు శాతం సైజు పెట్టు. ముందు అసలు ఫారాన్ని స్కేలుతో కొలిచావా? లీగల్ అని మనవాళ్లు పిలిచే దాంట్లో 14 అంగుళాలదీ ఉంటుంది, 13 అంగుళాల ఎఫ్ఎస్ (ఫుల్‌స్కేప్) కూడా ఉంటుంది. సైజు కుదిరాక కూడా జరిగితే, పైనుంచి 5 సెంటీమీటర్లు, ఎడమ నుంచి 5 సెంటీమీటర్ల దగ్గర ఒక ప్లస్ గుర్తు ప్రింట్ తీసి స్కేలు పెట్టు. 5.2 వచ్చిందంటే మొత్తం 2 మిల్లీమీటర్లు వెనక్కి. బాక్సులన్నీ గ్రూప్ చేసి ఒకేసారి జరుపు. తెల్లకాగితం ప్రింటుని ఫారం మీద పెట్టి కిటికీ అద్దానికి ఆనిస్తే ఏది ఎక్కడ పడిందో తెలిసిపోతుంది. అన్నీ కుదిరాకే నంబరున్న ఫారం ముట్టుకో.

జవాబు (మర్రిపాలెం):
రెండు మాటలు. ఫొటో అంటించిన ఫారాన్ని లేజర్ ప్రింటర్‌లో పెట్టొద్దు. లోపలి రోలర్ దాదాపు 200 డిగ్రీల వేడి మీద ఉంటుంది, జిగురు కరిగి దానికి అంటుకుంటే బిల్లు వాచిపోతుంది. ప్రింట్ అయ్యాకే ఫొటో, సంతకం. రెండోది, మన విశాఖ గాలికి కాగితం చెమ్మ పీల్చి వంకర తిరుగుతుంది, వానాకాలంలో మరీను. ఫారాల కట్ట కవర్లో కట్టి ఉంచండి. వంకర కాగితం లోపలికి ఏటవాలుగా వెళ్తే మీ కొలతలన్నీ గాలికే.

జవాబు (ఎంవీపీ కాలనీ):
మా అపార్ట్‌మెంట్ సంఘం పనికి నేను లిబ్రెఆఫీస్ డ్రా వాడతాను, ఉచితం. స్కాన్ బొమ్మని వేరే లేయర్‌లో పెట్టి, ఆ లేయర్‌కి ప్రింటబుల్ అన్న టిక్ తీసేస్తే తెర మీద కనిపిస్తుంది, కాగితం మీద పడదు. ఒకటీ అరా ఫారాలకి ఇదే హాయి. ఎనభైకి మాత్రం వర్డ్ మెర్జే. ఇంకోటి, ఆన్‌లైన్‌లో ఉచితంగా పీడీఎఫ్ నింపిపెట్టే సైట్లలో మాత్రం పనివాళ్ల ఆధార్ వివరాలు పెట్టకమ్మా. నెట్ సెంటర్‌లో ప్రింట్ తీస్తే ఫైలు డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి రా.

జవాబు (కంచరపాలెం):
మీరింతగా చెప్తుంటే నాకూ ఆశ పుడుతోంది. మా బుక్కులో కింద రెండు కార్బన్ కాపీలుంటాయి. వాటికీ ఇదేనా?

జవాబు (డాబాగార్డెన్స్, డీటీపీ పని):
కుదరదన్నా. లేజర్, ఇంక్‌జెట్ కాగితాన్ని కొట్టవు, కింది కాపీకి ఏమీ దిగదు. సూదులతో కొట్టే డాట్ మ్యాట్రిక్స్ కావాలి, ఎప్సన్ ఎల్ఎక్స్-310 లాంటిది. లేదంటే మీ కుర్రాళ్లే.

ప్రశ్న అడిగినవారు:
నూరు శాతం పెట్టాక సరిగ్గా పడ్డాయి అన్నయ్యా! ఒక్క చిక్కు మిగిలింది. బ్యాంకు ఖాతా నంబర్లలో ముందున్న సున్నాలు ఎగిరిపోతున్నాయి. ఒకతని పొడవాటి నంబరుకి చివరి అంకె సున్నా అయిపోయింది.

జవాబు (మర్రిపాలెం):
అది ఎక్సెల్ పని. అంకెలు కనిపిస్తే లెక్క అనుకుంటుంది, 15 అంకెలు దాటితే మిగతావి సున్నాలు చేసేస్తుంది. ఆ కాలమ్‌ని టెక్స్ట్ ఫార్మాట్‌లోకి మార్చండి. మార్చినంత మాత్రాన పోయినవి తిరిగిరావు, ఆ నంబర్లు పాస్‌బుక్ చూసి మళ్లీ కొట్టాల్సిందే. పుట్టిన తేదీ కాలమ్ కూడా టెక్స్ట్‌గానే ఉంచండి, లేకపోతే మెర్జ్‌లో నెల ముందు, రోజు తర్వాత వచ్చేస్తుంది. అలాగే ఫారం సీరియల్ నంబరుకి ఎక్సెల్‌లో ఒక కాలమ్ పెట్టి, ఏ ఫారం ఎవరిదో రాసుకోండి. రేపు ఒకటి వెనక్కి వస్తే వెతుక్కునే పని ఉండదు.