ఓసీ (కట్టడం పూర్తయ్యాక కార్పొరేషన్ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) లేని అపార్ట్‌మెంట్: తనఖా ఫ్లాట్లు, సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ) తేడా, దారి చెప్పగలరా?

హైదరాబాద్‌లో సుమారు 1000 గజాల్లో స్టిల్ట్ (కింద స్తంభాల మధ్య పార్కింగ్) ప్లస్ 5 అంతస్తులు, మొత్తం 20 ఫ్లాట్లు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం 10 శాతం నిర్మాణ ప్రాంతాన్ని, అంటే 201, 202 ఫ్లాట్లను కార్పొరేషన్‌కు తనఖా పెట్టారు. ఈసీలో (ఆస్తి మీద ఉన్న తనఖాలు, లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆ తనఖా ఇంకా కనిపిస్తోంది. ఓసీ వస్తేగానీ అది విడుదల కాదు. అయినా బిల్డర్ ఆ రెండింటినీ నోటరీ అగ్రిమెంటుతో అమ్మేసి, ఫోన్ ఎత్తడం మానేశాడు. కొన్నవాళ్ల పేరున రిజిస్ట్రేషన్ లేదు, బ్యాంకు లోన్ కూడా పుట్టదు. పాపం, ఉన్నదంతా అందులోనే పెట్టారు.

టేపు పెట్టి కొలిచాం. మంజూరైన ప్లాన్‌లో చుట్టూ 4 మీటర్ల ఖాళీ. వెనుక 3.7 ఉంది, అంటే 7.5 శాతం తేడా. 10 శాతం లోపే కాబట్టి జరిమానాతో సరిపోవచ్చు. తూర్పు పక్క మాత్రం 3.5, అంటే 12.5 శాతం. స్టిల్ట్‌లో రెండు కార్ల చోటు గోడ కట్టి గది చేశారు. దాన్ని మేమే పడగొట్టిస్తాం.

బిల్డర్, ఆర్కిటెక్ట్, స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకాలు లేకుండా ఓనర్ల సంఘం ఓసీకి దరఖాస్తు చేయవచ్చా? కొత్త ఇంజినీరు ఇచ్చే స్టెబిలిటీ సర్టిఫికెట్ (భవనం దృఢంగా ఉందనే పత్రం) చెల్లుతుందా? తూర్పు పక్క కొలతను ప్లాస్టరింగ్ మీద నుంచి తీస్తారా, ఇటుక నుంచా? ఇలా ఓసీ తెచ్చుకున్నవారు ఏ కాగితం ముందు పెట్టారో దయచేసి వరుసగా చెప్పండి.