అప్‌డేట్: మార్జియెలా కోటు ఒరిజినలే, కానీ తొంభైల నాటిది కాదు

సెకండ్ హ్యాండ్‌లో కొన్న మార్జియెలా (ఫ్యాషన్ బ్రాండ్) నల్ల కోటు నిజంగా 1990ల నాటిదా, లేక డూప్లికేటా అని అడిగాను కదా, తేలిపోయింది. లోపల ఉతికే సూచనలుండే లేబుల్ చూడమన్నవాళ్లకు థాంక్స్, గుట్టంతా అక్కడే ఉంది. దాని మీద ‘మేజాన్ మార్జియెలా’ అనే ఉంది, మధ్యలో ‘మార్టిన్’ లేదు. ఆ పేరు తీసేసింది 2015లో. అసలు ఆ బ్రాండ్‌కు పేరిచ్చిన డిజైనర్ మార్టిన్ మార్జియెలా సంస్థను వదిలిందే 2009లో! పాత డిజైనర్ బట్టలు పరీక్షించే ఆవిడ కూడా అదే చెప్పారు: సరుకు అసలుదే, చెప్పిన వయసే అబద్ధం. ఈ బ్రాండ్ గుర్తుగా వీపు మీద ఉండే నాలుగు తెల్ల కుట్ల గురించి మనం చేసిన చర్చంతా అనవసరం. అవి ఎవరైనా వేసేయగలరు, కొందరు కొనగానే విప్పేస్తారు కూడా. తొంభైల మోజు నడుస్తోందని అమ్మినాయన రేటు పెంచాడంతే. లేబుల్ ఫొటో పంపాక కొంత డబ్బు వెనక్కిచ్చాడు. కోటు ఉంచేసుకున్నాను.