రిజిడిటీకి ‘దృఢత్వం’ సరిపోతుందా?

ప్రశ్న:
అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీదున్న ఏఎంఎస్ అనే కాస్మిక్ కిరణాల డిటెక్టర్ గురించిన వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్నాం. అడుగడుగునా ‘రిజిడిటీ’ తగులుతోంది. పాఠ్యపుస్తకాల్లో దృఢ వస్తువు, దృఢతా గుణకం ఉన్నాయి కదా అని ‘దృఢత్వం’ వేస్తే ‘10 గిగావోల్టుల దృఢత్వం గల హీలియం’ అని వచ్చింది. హీలియం కాస్తా ఇనుపగుండు అయిపోయింది! పైగా మధ్యలో వోల్టు ఎందుకొచ్చిందో పాఠకుడికి అంతుపట్టదు. మంచి మాట ఏదైనా ఉందా?

జవాబు:
దృఢత్వం వద్దండీ. ఇక్కడ గట్టిదనం ప్రసక్తే లేదు. అయస్కాంత క్షేత్రంలో పడ్డ కణం ఎంతవరకు వంగకుండా నిలుస్తుందన్నదే విషయం. ద్రవ్యవేగాన్ని విద్యుదావేశంతో భాగిస్తే వచ్చేది రిజిడిటీ. ముందుగా ద్రవ్యవేగాన్ని కాంతివేగంతో హెచ్చవేసి శక్తి ప్రమాణాల్లోకి తెస్తారు. శక్తిని ఆవేశంతో భాగిస్తే వోల్టే కదా.

10 గిగావోల్టుల దగ్గర ప్రోటాను ద్రవ్యవేగం 10 అనుకుంటే హీలియంది 20, కార్బన్‌ది 60, ఇనుముది 260. ద్రవ్యవేగాలు ఇంత వేరైనా అయస్కాంతంలో నాలుగింటిదీ ఒకటే వంపు. అందుకే శాస్త్రజ్ఞులు శక్తిని పక్కనపెట్టి దీన్ని పట్టుకుంటారు.

నా ఓటు ‘బిరుసు’కి. గంజి ఎక్కువైన పంచె మడతకి లొంగదు చూడండి, అదే గుణం.

జవాబు:
బిరుసు జుట్టుకీ మాటతీరుకీ కూడా వాడతాం. కరుకుదనం స్ఫురించదా? ‘వంగనితనం’ అంటే అర్థం సూటిగా ఉంటుంది.

జవాబు:
సూటిగానే ఉంటుంది కానీ కొలతకి పనికిరాదు. ‘వంగనితనం తగ్గింది’, ‘వంగనితనం లేని కణం’ అని రాయాల్సి వస్తే చదివేవాడు రెండు కాదులు కొట్టేసుకుంటూ కూర్చోవాలి. బిరుసుకి ఆ తంటా లేదు. సమాసానికీ ఒదుగుతుంది. ‘అయస్కాంత బిరుసు’లో తత్సమం ముందు, తెలుగు మాట వెనక కాబట్టి మిశ్ర సమాసం, తప్పు లేదు. తిరగేస్తేనే వైరి సమాసం.

జవాబు:
డిటెక్టర్‌లో దాన్ని కొలిచే తీరు చూస్తే మాట ఎంపిక ఇంకా తేలికవుతుంది. ఏఎంఎస్ అయస్కాంతం బలం సుమారు 0.15 టెస్లా, ఎత్తు సుమారు 0.8 మీటరు. అందులో 1 గిగావోల్టు కణం నడిచే దారి సరళరేఖ నుంచి 3.6 మిల్లీమీటర్ల దాకా ఉబ్బుతుంది. 1000 గిగావోల్టులైతే ఆ ఉబ్బు 3.6 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కణం జాడని పట్టే సిలికాన్ పొర, అది తాకిన చుక్కని గుర్తించే ఖచ్చితత్వమే 10 మైక్రాన్లు! అందుకే తొమ్మిది పొరల్లో ఏడింటిని అయస్కాంతం పరిసరాల్లో పెట్టి, ఒకటో పొరని నెత్తిమీద, తొమ్మిదో పొరని అడుగున పెట్టారు. కొద్దిపాటి వంపు కూడా దూరం వెళ్లేకొద్దీ పెద్దదై కనబడుతుంది.

చిక్కు కూడా ఆ చివరి పొరలతోనే. అంతరిక్ష కేంద్రం గంటన్నరకోసారి భూమిని చుడుతూ ఎండలోంచి నీడలోకి పోతుంటే, వేడికి ఆ రెండూ కదులుతాయి. పొర జరిగితే లేని వంపు ఉన్నట్టు లెక్క వస్తుంది. అందుకని దూసుకొస్తున్న కాస్మిక్ కిరణాల జాడలతోనే, రెండేసి నిమిషాల వ్యవధిలో, వాటి స్థానాన్ని సరిదిద్దుతూ ఉంటారు. లోపలి పొరల వేడిని కార్బన్ డయాక్సైడ్ పంపులు తోడేస్తాయి. ఉన్న నాలుగు పంపులూ ఒక్కొక్కటే మొరాయించడంతో 2019 నవంబరు నుంచి 2020 జనవరి దాకా వ్యోమగాములు లూకా పర్మిటానో, ఆండ్రూ మోర్గన్ నాలుగుసార్లు బయటికి వెళ్లి పాత గొట్టాలు కోసి కొత్త పంపుల పెట్టె అతికించాల్సి వచ్చింది. చివరిసారి చూస్తే ఎనిమిది గొట్టాల్లో ఒకదాని అతుకు కారుతోంది. దాన్ని మళ్లీ బిగించారు.

ప్రశ్న:
మరి ‘మైనస్ 300 గిగావోల్టులు’ అని కూడా ఉంది. బిరుసు రుణాత్మకం ఎలా అవుతుంది?

జవాబు:
ఆ గుర్తు ఆవేశానిది. వంపు ఎటు తిరిగిందో చెబుతుంది. ప్రతిప్రోటాను ప్రోటానుకి ఎదురుగా వంగుతుంది. అయితే ఒక షరతు: కణం పైనుంచి వచ్చిందో కిందినుంచి వచ్చిందో ముందు తేలాలి. కిందినుంచి పైకి పోయే ఎలక్ట్రాన్‌ని తలకిందులుగా చదివితే పాజిట్రాన్ అయిపోతుంది. అయస్కాంతానికి పైన రెండు, కింద రెండు టైమింగ్ ఫలకాలు, కణం ముందు దేన్ని దాటిందో చూసి, ఆ తగువు తీరుస్తాయి. బిరుసు మరీ ఎక్కువైతే జాడ దాదాపు సరళరేఖ, గుర్తు తారుమారు కావచ్చు. మీ వ్యాసంలో ‘రుణ బిరుసు’ అనకండి. ‘ఎదురు వంపు, 300 గిగావోల్టుల బిరుసు’ అనండి.

జవాబు:
‘కటాఫ్ రిజిడిటీ’ కూడా వస్తుంది చూసుకోండి. భూమి అయస్కాంత క్షేత్రం బిరుసు తక్కువ కణాల్ని గుమ్మంలోనే తిప్పికొడుతుంది. ‘గడప బిరుసు’ అంటే ఎలా ఉంటుంది? రెండూ తెలుగు మాటలే. ధ్రువాల దిక్కున గడప తక్కువ, భూమధ్యరేఖ దగ్గర ఎక్కువ. హైదరాబాద్ మీద నిట్టనిలువుగా దిగే కణానికి దాదాపు 17 గిగావోల్టులు ఉండాలి. అక్కడి టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి పైకి పంపే ఎక్స్-రే పరికరాలకి ఆ మేరకు ఈ కణాల రొద (అక్కర్లేని సంకేతాలు) తక్కువ. ఏఎంఎస్ లెక్కల్లోనైతే గడపకి 1.2 రెట్లు దాటిన కణాన్నే బయటినుంచి వచ్చినదిగా తీసుకుంటారు, తక్కినవి వాతావరణంలో పుట్టి తిరుగుతున్నవి కావచ్చు కాబట్టి.

జవాబు:
గడప బాగుంది. ‘కోత బిరుసు’ అన్నారంటే మాత్రం అది వరిచేను అయిపోతుంది.

ప్రశ్న వేసినవారు:
అయితే వాక్యం ఇలా మారుస్తున్నాం: ‘10 గిగావోల్టుల బిరుసున్న హీలియం, అంతే బిరుసున్న ప్రోటానూ అయస్కాంతంలో ఒకేలా వంగుతాయి. ఏది ఏదో సిలికాన్ పొరలో వదిలిన సంకేతం చెబుతుంది, హీలియంది నాలుగు రెట్లు.’