జిల్లా సైకియాట్రీ ఓపీ బాగోలేదా, మన రిఫరల్ చీటీలే బాగోలేవా?

పల్లె ఫ్యామిలీ డాక్టర్:
నా ఫిర్యాదు వైద్యం మీద కాదు, పేషెంట్ చేతికిచ్చి పంపే చీటీ మీద. మూడు మందుల పేర్లు, కింద "కంటిన్యూ". జబ్బేమిటో, ఎన్నాళ్లు వాడాలో, ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలో ఉండదు. లిథియం (మూడ్ విపరీతంగా మారే బైపోలార్ జబ్బుకిచ్చే మందు) వాడే మనిషి మోకాళ్ల నొప్పులంటూ వస్తే, ఆ సంగతి తెలియని డాక్టర్ డైక్లోఫెనాక్ రాస్తాడు, బీపీకి థయాజైడ్ ఇస్తాడు. రెండూ లిథియం కిడ్నీల ద్వారా బయటికి పోవడాన్ని తగ్గిస్తాయి, అది ఒంట్లో పేరుకుపోతుంది. వణుకు, వాంతులు, తూలుడు, మాట తడబాటు మొదలయ్యాక గాని బయటపడదు. దీన్ని మంచి సేవ అనలేను.

జిల్లా సైకియాట్రిస్ట్:
చీటీ సంగతి నిజమే డాక్టర్ గారూ. మరి మీ నుంచి వచ్చేది? "సైకియాట్రీ ఒపీనియన్" అని ఒక్క ముక్క. థైరాయిడ్ చూశారా, తాగుడు ఉందా, ఆల్ప్రజోలామ్ అనే మత్తు మాత్ర ఎన్ని నెలలుగా మింగుతున్నారు, ఏదీ ఉండదు. ఆత్మహత్య ఆలోచనలు లేని ఓ మోస్తరు డిప్రెషన్‌ను పీహెచ్‌సీలోనే చూడొచ్చు. నిద్ర లేకపోయినా అలసట లేకుండా, విపరీతమైన హుషారుగా గడిపిన రోజులు గతంలో ఉన్నాయా అని ముందు అడగండి. ఉంటే అది బైపోలార్ కావచ్చు, మాకు పంపండి. లేకపోతే డిప్రెషన్ మాత్ర ఎస్సిటలోప్రామ్ రోజుకు 5 మి.గ్రా., వారం తర్వాత 10. మొదట్లో వికారం ఉంటుందనీ, గుణం కనపడడానికి 2 నుంచి 4 వారాలు పడుతుందనీ చెప్పకపోతే మధ్యలోనే మానేస్తారు. నయమయ్యాక ఇంకో 6 నెలలైనా వాడాలి.

పల్లె ఫ్యామిలీ డాక్టర్:
ఆ మాత్ర పీహెచ్‌సీలో స్టాకుంటేనే మేడమ్. బయట కొనుక్కోమంటే కూలికెళ్లేవాళ్లు రెండో నెలకే ఆపేస్తారు. వైద్యం ఊరి దగ్గరే దొరకాలనే కదా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం పెట్టింది!

మెడికల్ కాలేజీ అధ్యాపకుడు:
రాత్రిపూట ఎమర్జెన్సీ వస్తే "మా పరిధి కాదు" అని ఎర్రగడ్డకో విశాఖకో తోలేయడం కూడా తప్పే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 94వ సెక్షన్ కింద, ప్రాణాపాయంలాంటి పరిస్థితిలో ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటల వరకు చికిత్స చేయొచ్చు. నామినేటెడ్ ప్రతినిధి (రోగి తరఫున నిర్ణయాల్లో సాయపడే వ్యక్తి) అందుబాటులో ఉంటే సమ్మతి తీసుకోవాలి. 2022లో వచ్చిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 కౌన్సెలింగ్‌కు పనికొస్తుంది, రక్తంలో లిథియం లెవెల్ చూసిపెట్టదు.

జిల్లా సైకియాట్రిస్ట్:
లిథియం లెవెల్, ఆఖరిసారి చూసిన తేదీ ఇకపై చీటీ మీద రాస్తాం. రక్తం మీరు తీసి పంపండి. ఆఖరి మాత్ర వేసుకున్న 12 గంటలకు తీయాలి, ఉదయం మాత్ర ఆ తర్వాతే. లిథియం హెపారిన్ ట్యూబు మాత్రం వాడకండి, ట్యూబులోనే లిథియం ఉంటుంది కాబట్టి రీడింగ్ తప్పుగా ఎక్కువ వస్తుంది.